జీ+3 బిల్డింగ్, కింద మడిగెలు, పైన పోర్షన్లు: కొనేముందు కరెంటు, నీళ్ల ఖర్చు ఎట్లా సరిచూసుకోవాలి?

సిస్టర్_వనస్థలి

అందరికీ నమస్తే. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నేను, మా తమ్ముడు కలిసి వనస్థలిపురం వైపు ఒక జీ+3 బిల్డింగ్ చూశాం. 200 గజాలు. రోడ్డు వైపు మూడు మడిగెలు: ఒకటి సెలూన్, ఒకటి కర్రీ పాయింట్, ఒకటి మొబైల్ రిపేర్ షాపు. పైన ఫ్లోరుకి రెండు చొప్పున ఆరు పోర్షన్లు. లిఫ్టు ఉంది, బోరు ఉంది, సంపు ఉంది, నల్లా కనెక్షన్ ఒకటి ఉంది. అన్నింట్లో కిరాయిదార్లు ఉన్నారు.

మడిగెల మీద 38 వేలు, పోర్షన్లు ఒక్కోటి 10,500. మొత్తం నెలకు లక్షా వెయ్యి. ఖర్చుల సంగతి అడిగితే ఓనరు ఒక కాగితం మీద రాసిచ్చాడు. కామన్ కరెంటు 1,500, నీళ్లు సున్నా, ఊడ్చే ఆమెకి 2,000, లిఫ్టు సర్వీసింగ్ 1,000. అంటే నెలకు 4,500. "మిగతాదంతా కిరాయిదార్లే కట్టుకుంటారమ్మా, మీకు రూపాయి పడదు" అన్నాడు. ఎనిమిది కరెంటు సర్వీసుల లిస్టు, గత నెల బిల్లుల ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. పోర్షన్లలో నాలుగింటికి జీరో బిల్లు, సెలూన్‌కీ జీరో. జలమండలి బిల్లులో కూడా కట్టాల్సింది ఏమీ లేదు.

ఊళ్లో అమ్మ పేరు మీదున్న ఇల్లు అమ్మి, మిగతాది లోన్ తీసుకుని కొంటున్నాం. ఈఎంఐ పోను నెలకు మిగిలేది తక్కువే. ఆ 4,500 కాస్తా 15 వేలైతే మా లెక్క మొత్తం తప్పిపోతుంది. వచ్చే వారం రెండు లక్షలు అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకుందామని తమ్ముడు తొందరపెడుతున్నాడు. అంతకుముందే నేను ఏమేం చూసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

రిటైర్డ్_ఈఆర్వో

అమ్మా, నేను కరెంటు ఆఫీసులో, బిల్లింగూ వసూళ్లూ చూసే ఈఆర్వో విభాగంలో చేసి రిటైరయ్యాను. అడ్వాన్స్ ఇవ్వకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. ఇచ్చాక అడిగేవాళ్లే ఎక్కువ.

మొదట మీరు రాసినదాంట్లోనే ఒకటి చూడండి. మడిగెలు మూడు, పోర్షన్లు ఆరు, లిఫ్టుకీ మోటారుకీ కలిపి కామన్ మీటరు ఒకటి. పది సర్వీసులు ఉండాలి. ఓనరు ఇచ్చిన లిస్టులో ఎనిమిదే ఉన్నాయి. సెలూన్‌ది లిస్టులో ఉందంటున్నారు. మరి కర్రీ పాయింటుకీ మొబైల్ షాపుకీ కరెంటు ఎక్కడినుంచి వస్తోంది? దీనికి జవాబు దొరికేదాకా ఆ 4,500 కాగితాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

రెండోది, గత నెల బిల్లు చూసి ఏమీ చెప్పలేం. ప్రతి బిల్లు మీదా సర్వీసుని గుర్తించే 9 అంకెల యూఎస్‌సీ నంబరు ఉంటుంది. టీజీఎస్‌పీడీసీఎల్ యాప్‌లో ఆ నంబరు మీరే కొట్టి పాత నెలల యూనిట్లు, బిల్లు, కట్టిన తేదీలు చూడండి. ఓనరు పంపిన ఫొటోల మీద ఆధారపడొద్దు. ఏడాది మొత్తం రాసుకోండి, ఏప్రిల్, మే నెలలు తప్పకుండా ఉండాలి. ఏ సర్వీసులోనైనా వరసగా ఒకే అంకె యూనిట్లు కనిపిస్తే అది రీడింగు తీసి వేసిన బిల్లు కాదు. డోర్‌లాక్ అనో, మీటరు ఆగిపోయిందనో సగటు మీద వేసింది. అసలు రీడింగు తీసిన నెలలో మిగిలిన తేడా అంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఆ నెలకి ఓనరు మీరై ఉండకూడదు.

జీరో బిల్లుల సంగతి చెప్తాను, ఎందుకంటే కొనేవాళ్లు వీటిని చూసే మురిసిపోతున్నారు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద తెల్ల రేషన్ కార్డు కుటుంబానికి నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో వస్తోంది. కిరాయిదార్లకీ వర్తిస్తుంది. అంటే ఆ నాలుగు పోర్షన్ల జీరో అక్కడ ఉంటున్న కుటుంబాల కార్డుల వల్ల వచ్చింది, ఇంటి వల్ల కాదు. వాళ్లు ఖాళీ చేసి కార్డు లేనివాళ్లు దిగితే మామూలు బిల్లే. సెలూన్‌దీ అంతే. నాయీ బ్రాహ్మణుల సెలూన్లకీ రజకుల లాండ్రీలకీ 2021 ఏప్రిల్ నుంచి నెలకు 250 యూనిట్ల దాకా ఉచితం. రేపు ఆ మడిగెలో బేకరీ పెడితే మొదటి యూనిట్ నుంచే కమర్షియల్ రేటు. ఆ బిల్లు కట్టేది కిరాయిదారే కావచ్చు, కానీ వచ్చే కిరాయిదారు కరెంటుకి ఎంతవుతుందో చూసుకునే కిరాయి మాట్లాడతాడు.

రాయితీ మనిషిది, బకాయి మాత్రం బిల్డింగ్‌ది. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండమ్మా. సరఫరా నిబంధనల్లో 8.4 క్లాజు ఉంది. అమ్మేవాడు బకాయిలన్నీ కట్టాకే ఆస్తి అమ్మాలి. కట్టకపోతే ఆ ఆవరణకి ఉన్న కనెక్షన్ మీద సరఫరా ఇవ్వకపోవచ్చు, కొత్తది అడిగినా ఇవ్వకపోవచ్చు. "ఆ బాకీ నాది కాదు, పాత ఓనరుది" అనే వాదన మీద కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2023 మే నెలలో కె.సి. నినాన్ కేసులో కోర్టు ఇలాంటి నిబంధన చెల్లుతుందనే చెప్పింది. రెండేళ్లు దాటితే బాకీ రద్దయిపోతుందని కొందరు చెప్తారు, నమ్మొద్దు. బిల్లుల్లో బాకీగా చూపిస్తూ వస్తే రెండేళ్లు దాటినా వసూలు చేయొచ్చు.

యాప్‌లో కనబడని బాకీ ఇంకొకటి ఉంటుంది. ఎప్పుడో బిల్లు కట్టక తీసేసిన సర్వీసు. దాని నంబరు ఓనరు లిస్టులో రాయడు. అందుకే మీటర్ల బోర్డు దగ్గర నిలబడి నిదానంగా చూడండి. మీటర్ల మధ్య ఒక చోట ఖాళీ గడి, స్క్రూలు తీసిన బెజ్జాలు, చివర టేపు చుట్టిన పాత వైరు కనిపిస్తే అక్కడ ఒకప్పుడు మీటరు ఉండేదన్నమాట. అప్పుడు ఈఆర్వో ఆఫీసుకి వెళ్లి, ఇంటి నంబరు చెప్పి, ఆ ఆవరణ మీద ఎన్ని సర్వీసులు ఉన్నాయి, ఆపేసినవి ఏమైనా ఉన్నాయా, ఏసీడీ (వాడకాన్ని బట్టి అదనంగా కట్టమనే డిపాజిట్) బాకీ కానీ కేసులో ఉన్న మొత్తం కానీ ఉందా అని అడగండి. ఓనరుని వెంట తీసుకెళ్లండి, ఆయన అడిగితేనే చెప్తారు. వివరాలు అక్కడి అకౌంట్స్ అధికారి (ఏఏఓ) సంతకంతో కాగితం మీద తీసుకోండి.

ఇక బిల్డింగ్ దగ్గర చేయాల్సిన పని. తెలిసిన ఎలక్ట్రీషియన్ని పట్టుకుని, కిరాయిదార్లకి ముందే చెప్పి, మంగళవారం వెళ్లండి. ఆరోజు సెలూన్లు మూస్తారు కదా. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు ఉంటుంది, కరెంటు వాడుతున్నప్పుడు అది టిక్ టిక్ మని వెలిగి ఆరుతుంటుంది. ఎంత ఎక్కువ వాడితే అంత వేగంగా కొడుతుంది. సెలూన్ మూసి, లోపల అన్నీ ఆపేసి ఉన్నప్పుడు దాని మీటరు లైటు కొట్టకూడదు. కొడుతుంటే ఆ ఉచిత యూనిట్లు ఇంకెవరో వాడుతున్నట్టు. తర్వాత ఒక్కో మీటరు మెయిన్ ఆపి, ఏ ఇంట్లో ఏది ఆగిందో రాసుకోండి. కామన్ మీటరు మెయిన్ ఆపినప్పుడు లిఫ్టు, మెట్ల లైట్లు, మోటారు ఆగాలి. ఇంకేది ఆగినా నాకు చెప్పండి. మీటరు మీద అచ్చయి ఉన్న నంబరు, బిల్లు మీది నంబరు ఒకటేనా అన్నది కూడా చూసి, ప్రతిదాన్నీ ఫొటో తీసుకోండి.

---

కూకట్‌పల్లి_ఓనర్

అక్కా, కరెంటు సంగతి పెద్దాయన చెప్పారు. నాది కూడా కింద షట్టర్లు, పైన పోర్షన్లు ఉన్న బిల్డింగే. నా అనుభవంలో ఓనరు జేబుకి చిల్లు పెట్టేది నీళ్లే.

జలమండలి బిల్లు సున్నా ఎందుకొచ్చిందో చూడండి. 2020 డిసెంబరు వాడకం నుంచి ఇళ్లకి నెలకు 20 కిలోలీటర్లు ఉచితం. మీటరు పనిచేస్తూ ఉండాలి, క్యాన్ నంబరుకి (బిల్లు మీదుండే కస్టమర్ నంబరు) ఆధార్ లింకు అయి ఉండాలి. ఆ ఆధార్ ఇప్పటి ఓనరుది, రిజిస్ట్రేషన్ అయ్యాక మీ పేరుకి మార్పించుకోవాలి. మీ ముందర నల్లా మీటరు తిరుగుతోందా లేదా మూత తీయించి చూడండి.

ఇప్పుడు లెక్క. మనిషికి రోజుకి 135 లీటర్లు అని ఇంజినీర్లు పట్టుకునే లెక్క. ఆరు పోర్షన్లు, ఇంటికి నలుగురు అనుకుంటే 24 మంది. రోజుకి 3,240 లీటర్లు, నెలకు దాదాపు 97 కిలోలీటర్లు. అందులో ఉచితం 20. మిగతా 77 ఎక్కడివి? బోరువి. బోరు పోస్తున్నంత కాలం మీకు పడేది మోటారు కరెంటు ఒక్కటే. బోరు ఎండితే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నెలకు పదిహేను కావాలి. ట్యాంకరు వెయ్యి వేసుకోండి, 15 వేలు. 2024 ఎండాకాలంలో నగరంలో చాలా కాలనీలు ట్యాంకర్ల కోసం క్యూ కట్టాయి, మర్చిపోకండి. కాబట్టి ఏప్రిల్, మేలో ట్యాంకరు వచ్చిందా అని పై ఫ్లోరు కిరాయిదార్లను అడగండి. ఓనరు లేనప్పుడు అడగండి. అంతకన్నా నిజం ఊడ్చే ఆమె చెప్తుంది, సంపు మూత తీసేది ఆమే కదా. పక్క రెండు మూడు బిల్డింగుల వాళ్లను కూడా అడగండి, బోర్లన్నీ ఆ నేలలోవే.

కర్రీ పాయింట్ ఉందన్నారు. పొద్దున పదింటికి వెళ్లి వెనక వైపు చూడండి. గిన్నెలు కడిగే నీళ్లు ఎటు పోతున్నాయి? నూనె, అన్నం మెతుకులు నేరుగా ఇంటి డ్రైనేజీ లైన్లో కలిస్తే గట్టిపడి మ్యాన్‌హోల్ పొంగుతుంది. నా షట్టర్లో టిఫిన్ సెంటర్ పెట్టినప్పుడు మెతుకులు, మడ్డి ఆగిపోయే సిల్ట్ ఛాంబర్ కట్టించాకే తాళాలిచ్చాను, వారం వారం వాళ్లే తీసి శుభ్రం చేయాలని కిరాయి కాగితంలోనే రాయించాను. ఇంకోటి, ఇంటి నల్లా నీళ్లు హోటల్ పనికి వాడుతుంటే జలమండలి వాళ్లు కేటగిరీ మార్చొచ్చు. కమర్షియల్ రేటు వేరే, ఉచితం ఉండదు.

పీటీఐఎన్ (ఆస్తిపన్ను గుర్తింపు) నంబరు తీసుకుని మున్సిపల్ కార్పొరేషన్ వెబ్‌సైట్లో ఆస్తిపన్ను కూడా చూడండి. మడిగెలను కూడా ఇల్లు కింద చూపించి తక్కువ పన్ను కడుతున్నారా? సరిచేస్తే పన్ను పెరుగుతుంది. పాత బాకీ మీద నెలకు 2 శాతం వడ్డీ నడుస్తుంటుంది.

---

బెజవాడ_వన్‌టౌన్

మేడమ్, మీది హైదరాబాద్ కాబట్టి ఇది మీకు వర్తించదు. ఈ చర్చ చదివి ఆంధ్రా వైపు కొనేవాళ్లు ఉంటారని రాస్తున్నానండి.

ఇక్కడ బిల్లులో యూనిట్ల చార్జి కింద ఇంకా కొన్ని వరసలుంటాయి. ట్రూఅప్, ఎఫ్‌పీపీసీఏ అని. ట్రూఅప్ అంటే వెనకటి ఏళ్ల అదనపు ఖర్చు తర్వాత వసూలు చేయడం, ఎఫ్‌పీపీసీఏ అంటే ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు. 2014 నుంచి 2019 దాకా వాడిన యూనిట్లకి ట్రూఅప్‌ని 2022 ఆగస్టు నుంచి బిల్లుల్లో వేశారు. ఆ యూనిట్లు వాడిన కిరాయిదారు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయాడు. కట్టింది మాత్రం ఇప్పుడు ఆ సర్వీసు మీదున్నవాళ్లు. మా వీధిలో ఒక స్వీట్ షాపు మూసేసి పోయాక ఆ మడిగెలో చిన్న జెరాక్స్ సెంటర్ పెట్టుకున్నతను, తను వాడని కరెంటుకి నేనెందుకు కట్టాలని ఓనరుతో గొడవపడ్డాడు. అతని బాధలో న్యాయం ఉందండి. చివరికి ఓనరు, అతను చెరిసగం అనుకున్నారు. తర్వాత 2023 ఏప్రిల్ నుంచి నెలనెలా యూనిట్‌కి 40 పైసల దాకా ఎఫ్‌పీపీసీఏ వచ్చి చేరింది.

అందుకని ఆంధ్రాలో మడిగెలున్న బిల్డింగ్ కొనేవాళ్లు నికర మొత్తం ఒక్కటే కాకుండా బిల్లులో ఒక్కో వరసా చదవండి. అంతకుముందు ఆ మడిగెలో ఏ వ్యాపారం నడిచిందో కూడా కనుక్కోండి. ఫ్రీజర్లు, ఓవెన్లు నడిచిన చోట పాత యూనిట్లు ఎక్కువ, వెనకటి లెక్క తీస్తే పడేదీ ఎక్కువే.

---

సిస్టర్_వనస్థలి

అందరికీ చాలా థ్యాంక్స్. ఈఆర్వో సార్, మీరు చెప్పినట్టే మంగళవారం డ్యూటీ మార్చుకుని వెళ్లాను. తమ్ముడు, వాడికి తెలిసిన ఎలక్ట్రీషియన్ కూడా వచ్చారు.

సెలూన్ మీటరు లైటు కొట్టట్లేదు, అది సరిగ్గానే ఉంది. పోర్షన్లు ఆరూ సరిపోయాయి. కామన్ మెయిన్ ఆపగానే మెట్ల లైటు ఆరింది, కర్రీ పాయింట్లోంచి "కరెంటు పోయింది" అని కేక వినిపించింది. మొబైల్ షాపు అబ్బాయి బయటికొచ్చి పైకి చూశాడు. రెండూ కామన్ మీటరు మీదే ఉన్నాయి. మెట్ల కింద పాత సైకిల్, గోనె సంచులు పక్కకి జరిపితే గోడకి రెండు చిన్న సబ్‌మీటర్లు బిగించి ఉన్నాయి. కర్రీ పాయింట్ ఆమె చాలా మంచావిడ, ఏమీ దాచలేదు. ఓనరు ఒకటో తారీఖున వచ్చి రీడింగు చూసుకుని, యూనిట్‌కి పది రూపాయల చొప్పున నగదు తీసుకెళ్తాడట. ఆమె గల్లాపెట్టెలో చిన్న నోట్‌బుక్ ఉంది, నెల నెలా పెన్సిల్‌తో రాసుకుంది. గత నెల ఆమెవి 210 యూనిట్లు, మొబైల్ షాపువి 110.

కామన్ మీటరు కేటగిరీ డొమెస్టిక్. గత నెల 620 యూనిట్లు, బిల్లు దాదాపు 4,800. మంజూరైన లోడు 3 కిలోవాట్లని ఉంది. మీటర్ల బోర్డు మీద ఖాళీ గడి ఏమీ లేదు.

నీళ్ల సంగతి. మూడో ఫ్లోర్లో ఉండే ఆంటీ, మే నెలలో వారానికి రెండు మూడు ట్యాంకర్లు వచ్చాయని చెప్పింది. ఓనరు కాగితంలో నీళ్లు సున్నా కదా.

ఓనరుని అడిగితే "అందరూ ఇట్లనే నడుపుతరమ్మా, ఇప్పటిదాకా ఎవరూ అడగలే" అన్నాడు. తమ్ముడు కూడా అదే అంటున్నాడు. నాకు మాత్రం భయంగా ఉంది. వదిలేయమంటారా?

---

రిటైర్డ్_ఈఆర్వో

వదిలేయనక్కర్లేదమ్మా. ఇది సరిచేసుకోగలిగే విషయమే. కానీ రిజిస్ట్రేషన్‌కి ముందే, అమ్మేవాడి చేతే సరిచేయించాలి. ఎందుకో అంకెల్లో చెప్తాను, తమ్ముడికి చూపించండి. 2022 టారిఫ్ రేట్లతో వేస్తున్నాను, ఫిక్స్‌డ్ చార్జీలు, విద్యుత్ సుంకం కలపలేదు.

620 యూనిట్లు డొమెస్టిక్‌లో ఎట్లా వస్తాయంటే, మొదటి 200కి 5.10 చొప్పున 1,020, తర్వాతి 100కి 7.70 చొప్పున 770, ఆపై 100కి 9 చొప్పున 900, మిగిలిన 220కి 9.50 చొప్పున 2,090. మొత్తం 4,780. మీ బిల్లుకి సరిపోయింది. మడిగెల నుంచి ఓనరుకి వచ్చేది 320 యూనిట్లకి 3,200. పోను 1,580. ఆయన "కామన్ కరెంటు 1,500" అని రాసింది ఈ మిగులునే.

ఇప్పుడు ప్రమాదం చూడండి. ఇంటి మీటరు మీద వ్యాపారం నడపడం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. తనిఖీకి వచ్చినవాళ్లు పట్టుకుంటే, ఆ వాడకానికి వర్తించే టారిఫ్‌కి రెట్టింపు వేస్తారు. ఎప్పటినుంచి జరుగుతోందో తేలకపోతే వెనక్కి 12 నెలలు. సర్వీసు మొత్తానికీ వేశారనుకోండి. 620 యూనిట్లు కమర్షియల్‌లో అయితే మొదటి 100కి 8.50, తర్వాతి 200కి 9.90, ఆపై 200కి 10.40, మిగిలిన 120కి 11 చొప్పున మొత్తం 6,230. రెట్టింపు 12,460. కట్టిన 4,780 తీసేస్తే నెలకు 7,680, ఏడాదికి 92 వేల పైమాట. నోటీసు వచ్చేది ఆ రోజుకి బిల్డింగ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే. "ఎవరూ అడగలే" అన్నది ఆయనకి ధైర్యం, కొన్న మర్నాడు అదే మీకు దిగులు. అభ్యంతరం చెప్పుకునే అవకాశం, అప్పీలు ఉంటాయి, నిజమే. కానీ డ్యూటీలు చేసుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీరు.

సరిచేస్తే ఎవరికీ నష్టం లేదు, అది చూడండి. రెండు మడిగెలకీ వేర్వేరు కమర్షియల్ మీటర్లు వస్తే కర్రీ పాయింట్ ఆమె 210 యూనిట్లకి కట్టాల్సింది 1,939. ఇప్పుడు 2,100 ఇస్తోంది. మొబైల్ షాపు అబ్బాయికి 949, ఇప్పుడు 1,100. ఫిక్స్‌డ్ చార్జీ కలిపినా కాస్త అటూఇటూగా అంతే పడుతుంది. పైగా వాళ్ల పేరున బిల్లు ఉంటుంది. మీ కామన్ మీటరు మీద మిగిలేది 300 యూనిట్లు, 1,790. అంటే కాగితంలో ఉన్నదానికన్నా రెండు మూడు వందలు ఎక్కువ, అంతే. కొత్త మీటర్ల డిపాజిట్, డెవలప్‌మెంట్ చార్జీలు, వైరింగ్ ఖర్చు ఉంటాయి. అవి అమ్మేవాడే పెట్టుకోవాలి.

లోడు సంగతి మంచిగా గమనించారు. లిఫ్టు మోటారు మీద ఎన్ని హెచ్‌పీ అని ఉందో చదవండి. 5 హెచ్‌పీ లిఫ్టుకి, 3 హెచ్‌పీ బోరు మోటారుకి కలిపితేనే దాదాపు 6 కిలోవాట్లు. మంజూరైంది 3. అదనపు లోడుకి డబ్బు కట్టి రెగ్యులరైజ్ చేసుకోమని నోటీసు వచ్చే కేసు ఇది. మీటర్లతో పాటే దీనికీ దరఖాస్తు పెట్టించండి, ఒకే తిరుగుడులో అయిపోతుంది.

అగ్రిమెంట్లో ఇవి రాయించండి. రెండు మడిగెలకి కమర్షియల్ (ఎల్‌టీ-2) మీటర్లు, కామన్ లోడు రెగ్యులరైజేషన్ పూర్తయ్యాకే రిజిస్ట్రేషన్ అని. రిజిస్ట్రేషన్ రోజు వరకు కరెంటు, నీళ్లు, ఆస్తిపన్ను బాకీలు, ఆ కాలానికి సంబంధించి తర్వాత ఎప్పుడు వచ్చే డిమాండైనా అమ్మేవారిదే అని. అన్ని సర్వీసుల నంబర్లు, క్యాన్ నంబరు, పీటీఐఎన్ పేరుపేరునా ఎక్కించండి. "సర్వ బాకీలు" అని ఒక్క ముక్కలో తేల్చొద్దు, రేపు లేని నంబరు ఒకటి బయటపడితే ఆ ముక్క మీద గొడవ. మొత్తం ధరలో కొంత, రెండు లక్షలైనా, రిజిస్ట్రేషన్ తర్వాత మూడు నెలలు మీ దగ్గరే ఆపుకునేట్టు మాట్లాడండి. ఒప్పుకోకపోతే కనీసం పోస్ట్‌డేటెడ్ చెక్కు తీసుకోండి. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున అన్ని మీటర్ల రీడింగులు ఫొటో తీసి, ఇద్దరూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టండి. తర్వాత ఆలస్యం చేయకుండా సేల్ డీడ్ పెట్టి కరెంటు సర్వీసులు మీ పేరుకి మారేలా టైటిల్ ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. పాత సెక్యూరిటీ డిపాజిట్ మీ పేరుకి మారడానికి ఆయన సమ్మతి పత్రం అప్పుడే తీసుకోండి, అమ్మేశాక మనిషి దొరకడు.

---

కూకట్‌పల్లి_ఓనర్

అక్కా, ట్యాంకర్ల మాట వదలొద్దు. వారానికి మూడంటే నెలకు పన్నెండు, ఎండాకాలం రెండు నెలలకే 24 వేలు. ఏడాది మీద పరిస్తే నెలకు 2,000. మీ లెక్కలో నీళ్లు సున్నా తీసేసి 2,000 వేసుకోండి. బోరు ఇంకా లోతుకి వెళ్తే ఈ అంకె పెరుగుతుందనే అనుకోండి. ధర తగ్గించమని అడగడానికి ఇది మంచి ఆధారం, గట్టిగా అడగండి. ఇంకుడుగుంత ఉందో లేదో చూడండి, లేకపోతే కొన్న మొదటి వానాకాలానికే తవ్వించండి.

---

సిస్టర్_వనస్థలి

సార్, మీ లెక్కలు కాగితం మీద రాసుకుని తమ్ముడితో కలిసి ఓనరు దగ్గర కూర్చున్నాం. 92 వేల సంగతి వినేదాకా తమ్ముడు కూడా నా మాట చెవిన పెట్టలేదు. ఇప్పుడు వాడే ముందుండి మాట్లాడాడు. ఓనరు మొదట విసుక్కున్నాడు. కర్రీ పాయింట్ ఆమెకి సొంత మీటరు అయితే ఇంకా తక్కువే పడుతుందని లెక్క చూపించాక మెత్తబడ్డాడు. రెండు మీటర్లకీ లోడుకీ దరఖాస్తులు ఆయనే పెడతాడు, ఖర్చు ఆయనదే. మీటర్లు బిగించాకే రిజిస్ట్రేషన్. ధర మీద లక్షన్నర తగ్గాడు. డబ్బు ఆపుకోవడానికి ఒప్పుకోలేదు, చెక్కు ఇస్తానన్నాడు.

నెల ఖర్చు ఇప్పుడు ఇట్లా వేసుకున్నాను. కామన్ కరెంటు ఫిక్స్‌డ్ చార్జీలతో 2,000, నీళ్లకి 2,000, ఊడ్చే ఆమె, లిఫ్టు కలిపి 3,000. మొత్తం ఏడు వేలు. ఏడాదిలో ఒక పోర్షన్ రెండు నెలలు ఖాళీ ఉంటుందని కూడా పట్టుకున్నాం. ఈఎంఐకి ఇబ్బంది లేదు. సిల్ట్ ఛాంబర్ లేదు, దాని గురించి కర్రీ పాయింట్ ఆమెతో నేనే మాట్లాడతాను. సోమవారం ఈఆర్వో ఆఫీసుకి ఓనరుతో కలిసి వెళ్తున్నాం. ఆ కాగితం చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇస్తాం.